చివరి స్టాపు ఇల్లు

ప్రియమైన కొడుక్కి,

రాయిస్తున్నది మీ అమ్మ. వీధిలో నన్ను అరుపులమ్మ అంటారు, ఆ పేరే రాయమన్నాను. వయసు డెబ్బై దాటింది. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. మీ నాన్న మాట పడిపోయి పెద్దాసుపత్రి వార్డులో ఉన్నాడు, ఆయన్ని కూడా ఈ ఇంటి లెక్కలోనే రాయమన్నాను. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కింది వాటా దర్జీ చేత రాయించి, సాక్షుల్ని కూర్చోబెట్టాను.

ఇంటాయన ఈ ఇల్లు పడగొట్టి కడతాడట, ఖాళీ చేయమన్నాడు. మీరు ఫ్యాక్టరీ క్వార్టర్స్ వదిలి వస్తామని, అందరం ఒకచోట అద్దెకుందామని అన్నారు. సంతోషమే. కానీ నువ్వు చూసిన ఆ కూడలి ఇల్లు నాకొద్దు. అన్ని బస్సులూ అక్కడికే వస్తాయని గొప్పగా చెప్పావు. అన్నీ వస్తేనే కదా నా కొంప మునిగేది. నాకు అక్షరం ముక్క రాదు, బోర్డు మీద రాసింది నా కంటికి చీమల బారు. ఇక్కడైతే చివరి స్టాపు. నిలబడేది ఒక్క బస్సే. ఎక్కి కూర్చుంటాను. అటు కొసన ఆసుపత్రి గేటు దగ్గర అందరూ దిగుతారు, నేనూ దిగుతాను. ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఒకసారి మధ్యలో ఎక్కడో ఎక్కి ఇటుక బట్టీల దాకా పోయాను. వార్డుకి చేరేసరికి మీ నాన్న పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయా పెడితే నోరు తెరవలేదట. తలుపు వంకే చూస్తున్నాడట.

కాబట్టి చివరి స్టాపు దగ్గరే చూడు. ఒక్క గదైనా సరే.

ఇట్లు మీ అమ్మ వేలిముద్ర.
సాక్షులు: మందుల షాపాయన, చెవిటి మాస్టారు. మాస్టారి కోసం అంతా అరిచి చెప్పాను, కాబట్టి విన్నట్టే లెక్క.

*

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం చదువుతూ నీ కోడలు మొదట నవ్వింది, పళ్లెం సంగతి దగ్గర ఆగిపోయింది.

కూడలి ఇల్లు ఊరికే చూడలేదమ్మా. షిఫ్టు దిగితే నేను నడిచి రావచ్చు. తన కుట్టు కంపెనీ బస్సు ఆ సందు చివరే ఆగుతుంది. అద్దె మనం కట్టగలిగేదే. అదే చివరి స్టాపు నుంచైతే తను చీకటితో లేవాలి. నేను ఇల్లు చేరేసరికి నువ్వు నిద్రపోతుంటావు. ఒక కప్పు కింద ఉండి మాత్రం ఏం లాభం? ఆదివారం నిన్ను నేనే బండి మీద తీసుకెళ్తాను. మిగతా రోజులకి ఆయాతో మాట్లాడదాం.

నాన్న గురించి డాక్టరు నాతో ఏదో చెప్పాడు. కలిసినప్పుడు చెబుతాను.

నీ కొడుకు.

*

ప్రియమైన కొడుక్కి,

మళ్లీ అరుపులమ్మే. వయసు కాస్త పెరిగింది, ఇంట్లో మనుషులు పెరగలేదు.

దర్జీని వెంటబెట్టుకుని నీ కూడలి ఇల్లు చూసొచ్చాను. ఇంటికి వంక పెట్టను. వంటింట్లో కిటికీ ఉంది, కుళాయి లోపలే ఉంది. దర్జీ నాకన్నా ముందే మెచ్చుకున్నాడు, అతన్నెవరు అడిగారు? ఈ మాట కూడా రాయమన్నాను, మొహం మాడ్చుకుని రాస్తున్నాడు.

ఆ తర్వాత స్టాపులో నిలబడ్డాను. అక్కడ బస్సు ఆగదు, కాస్త నెమ్మదిస్తుంది, అంతే. జనం పరిగెత్తి వేలాడతారు. ఆసుపత్రికేనా అని ఒకతన్ని అడిగితే తలూపాడు. చెవుల్లో తీగలున్నాయి, పాటకి ఊపుతున్నాడు. దర్జీ రెక్క పట్టి లాగకపోతే మళ్లీ బట్టీల్లో తేలేదాన్ని.

ఆదివారం తీసుకెళ్తావా? మీ నాన్నకి ఆదివారమే ఆకలేస్తుందా?

డాక్టరు చెప్పింది నాకు చెప్పక్కర్లేదు. నోట్లో ముద్ద పెట్టేదాన్ని నేను. ఎంత మింగుతున్నాడో, ఎంత పక్కకి కారిపోతోందో నా చేతికి తెలుసు. అందుకే ఒక్క రోజు కూడా మానలేను. నా వాదన అంతా ఇంతే.

ఇట్లు వేలిముద్ర. సాక్షులు వాళ్లే.

*

ప్రియమైన అమ్మకు,

నువ్వే గెలిచావు. చివరి స్టాపు వెనక సందులో ఇల్లు మాట్లాడాను. మెట్లు లేవు. తలుపు తీస్తే నీ బస్సు నిలబడే చోటు కనిపిస్తుంది. వంటిల్లు మాత్రం చీకటి, నీళ్లు బయట నుంచి మోసుకోవాలి. చీకటితో లేస్తానని నీ కోడలే అంది. నా షిఫ్టు మార్చమని అడిగాను, కుదరదన్నారు. చూద్దాంలే.

కూడలి ఇంటాయనకి మొహమాటం కొద్దీ ఇంకా వద్దని చెప్పలేదు. నెలాఖరుకి చెబుతాను. నాన్నకి నా మాటగా చెప్పు, అమ్మ ఎక్కడికీ దూరం పోవడం లేదని.

నీ కొడుకు.

*

ప్రియమైన కొడుక్కి, కోడలికి,

రాయిస్తున్నది అరుపులమ్మ. వయసు అదే. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. ఈసారి ఈ ఇంటి లెక్కలో ఇంకెవరినీ రాయొద్దన్నాను.

మీ నాన్నని సాగనంపి మీరు డ్యూటీలకి వెళ్లిపోయారు. మర్నాడు లేచి గిన్నె తోమాను, జావ కాచి పోశాను, మూత పెట్టాను. బస్సెక్కాను. ఎక్కడికని కండక్టరు అడగలేదు, ఎప్పుడూ అడగడు. అందరూ దిగారు, నేనూ దిగాను. వార్డులో ఆ మంచం మీద ఎవరో పెద్దాయన ఉన్నాడు, ఆయనకి వాళ్ల అమ్మాయి తినిపిస్తోంది. ఆయా నన్ను చూసి స్టూలు జరిపింది. అప్పుడు తెలిసొచ్చింది, నేను ఎందుకొచ్చానో.

ఒక్కసారికి పొరపాటనుకున్నాను. నిన్న మళ్లీ వెళ్లాను. ఈసారి గుర్తుండే వెళ్లాను. కాళ్లు నా మాట వినడం లేదురా.

చివరి స్టాపు ఇల్లు వద్దు. తలుపు తీస్తే ఆ బస్సు కనిపిస్తే నేను ఆగను. కూడలి ఇల్లే తీసుకో. అక్కడ అన్ని బస్సులూ వస్తాయి, ఏది ఎటు పోతుందో నాకు తెలియదు. ఎక్కలేను. కోడల్ని చీకటితో లేవొద్దను. ఆ వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటాను, నువ్వు నడిచొస్తుంటే కనిపిస్తావు.

బోర్డులు చదవడం నేర్పుతానన్నాడు దర్జీ. వద్దన్నాను.

ఇట్లు మీ అమ్మ వేలిముద్ర.
సాక్షులు: మందుల షాపాయన, చెవిటి మాస్టారు. ఈసారి నేను అరవలేదు. అయినా అంతా విన్నానన్నాడు మాస్టారు.