తాతయ్య కథలో ఓవర్లు

ఏవండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే దీపం పెట్టి, మన మనవరాలు మీనా స్కూలుకి బస్సులో వెళ్ళాను. విన్నిపెగ్‌లో ఇంకా మంచు కరగలేదు.

మీరు దానికోసం ఇంగ్లీషులో రాసిన కథని మీనా ఈరోజు క్లాసులో చదివింది. ఒక పిల్ల పాతకాలంలోకి వెళ్ళి బేస్‌బాల్ మైదానం దగ్గర దిగుతుంది. నల్లజాతివాడని జట్టులోకి రానివ్వని ఆటగాడొకడు కంచె బయట బంతులు విసురుతుంటాడు. ఆ పిల్ల పక్కన కూర్చుని ప్రతి బంతినీ పుస్తకంలో రాస్తుంది. అదీ మీ క్రికెట్ పిచ్చితో, ఆరు బంతులకో ఓవర్ చొప్పున.

బేస్‌బాల్‌లో ఓవర్లుండవని ఎంత పోరినా మీరు దిద్దలేదు. పోనీ చివర్లో అతన్ని జట్టులో చేర్పించమన్నాను.

"అప్పుడలా జరగలేదు కదే. జరిగినట్టు రాస్తే, వాళ్ళు పడ్డ బాధ పిల్లలకెలా తెలుస్తుంది?" అన్నారు.

ఈరోజు క్లాసులో ఒక పాప లేచి, బేస్‌బాల్‌కి ఓవర్లేమిటని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మీనా మాత్రం తడుముకోకుండా ఇంగ్లీషులో జవాబు చెప్పింది.

"కథలో పిల్లకి వచ్చిన లెక్క అదే. అతని ఆట ఇంకెవరూ రాయట్లేదు కదా, అందుకే తను రాసింది."

అడిగిన పాప తలూపి కూర్చుంది.

అప్పట్లో మీరు చూడకుండా మీ నోట్‌బుక్‌లో ఓవర్లన్నీ పెన్సిల్‌తో కొట్టేశాను; మీనా వాటినీ వదలకుండా చదివింది. ఈరోజు ఇంటికొచ్చి, ఆ గీతలన్నీ రబ్బరుతో చెరిపి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.