సైకిల్‌కి ఆయాసం

ఏమండీ,

మీరు పోయి ఏడాది తిరిగేసరికి మీ సైకిల్ వీడియోకెక్కింది. మన ఊరి సైకిళ్ల మీద చిన్న సినిమా తీస్తానని తణుకు నుంచి ఒకమ్మాయి వచ్చింది.

"అంకుల్ కాలవ వంతెన దగ్గర సైకిల్ దిగి నడిచేవారట, ఎందుకండీ?" అని అడిగింది.

"సైకిల్‌కి ఆయాసం వస్తుందనేవారమ్మా."

పక్కనున్న మీ చెల్లెలు ఊరుకుంటుందా! "ఒక్కడే వెళ్తే తొక్కుకుంటూనే పోయేవాడు వదినా. వెనకాల నువ్వుంటేనే దిగేవాడు" అని కెమెరా ముందే చెప్పేసింది. అందరూ ఒకటే నవ్వు.

నన్ను దిగమనకుండా, నా బరువు మాటెత్తకుండా, ఇన్నేళ్లూ నెపం సైకిల్ మీద పెట్టారన్నమాట!

తర్వాత ఆ అమ్మాయి నన్నే సైకిల్ నడిపించుకుంటూ వంతెన ఎక్కమంది. క్యారియర్ ఖాళీ. అయినా సగంలో ఆగిపోయాను.

"ఏమైందండీ ఆంటీ?"

"సైకిల్‌కి ఆయాసంగా ఉందమ్మా" అన్నాను.