గుడి గడపకాడ చెప్పులు

తార్నాక,
మంగళవారం

అక్కా,

బావ ఆపరేషన్ శుక్రవారమని, ఇక్కడి చర్చిల ఉండే ఇన్నయ్య ఫాదర్‌తో ప్రార్థన చేయించమని రాసినవ్. అది చదివినప్పటిసంది నాకు ఒక్కకాడ కుదురుగ ఉండబుద్ధైతలేదు. హాస్టల్‌కు, లైబ్రరీకి ఊకె తిరుగుతున్న.

నీకు చెప్పలే గానీ, ఫాదరే వారం సంది దవాఖానల ఉన్నడు. రోజూ పొద్దున క్యాంపస్‌కు పోతుంటే ఆ చర్చి గుడి గడపకాడ ఆయన చెప్పులు కనబడేటివి. లోపల మోకాళ్ల మీద ఉన్నడు, మా అందరి గురించి దేవుణ్ని అడుగుతున్నడు అనుకొని ధైర్యంగ పోయేటోన్ని. నేను మాత్రం లోపలికి పోకపోయేది. ఇప్పుడు ఆ జాగ ఖాళీగ కనబడుతుంటే అక్కడనే నిలబడిపోతున్న.

ఇయ్యాల నా చెప్పులు అక్కడనే ఇడిచి లోపలికి పోయిన. మోకాళ్ల మీద కూసున్న గానీ, బావ పేరు తప్ప ఇంకో మాట రాలే.

బయటికొస్తే ఒక ముసలామె నా చెప్పుల పక్కన కూసోని ఉన్నది. "చెప్పులు చూసి ఫాదర్ ఒచ్చిండనుకున్న కొడుకా," అన్నది. ఇంకా రాలేదని చెప్పిన. "అయితే నువ్వే దేవుణ్ని అడుగు. నా బిడ్డకు కాన్పు కష్టమంటున్నరు," అన్నది. ప్రార్థన చేసుడు నాకు రాదని చెప్పలేకపోయిన. మళ్ల లోపలికి పోయిన.

ఆమె బిడ్డ పేరు అడుగుడు మర్చిపోయిన. పేరు తెల్వకుంటే ప్రార్థన అందుతదా? బావ సంగతి రాసేటప్పుడు అది గూడ రాయి. నీ జవాబు వచ్చేదాక రోజూ గుడికి పోతా.

నీ తమ్ముడు