ఆగిన సాంచాలను వదిలేసిన లెక్క

కనేరి, భివండి.

అన్నకు,

చెల్లె లత దండాలు. ఇక్కడ చిన్నాయన, చిన్నమ్మ, నేను అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వదినకు ఆరో నెల కదా, బిందెలు మోయనివ్వకు. ఇక్కడ వారం నుంచి ఒకటే ముసురు, ఉతికిన బట్టలు ఆరడం లేదు. నేను బాగానే తింటున్నాను, బెంగ పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఉత్తరం అయ్యేదాకా నాకు చెమటలే. స్టాటిస్టిక్స్‌లో తప్పాను. నాలుగు మార్కులు తక్కువయ్యాయి. మిగతావన్నీ పాసయ్యాను. "ఒక్క పేపర్ తప్పినా మూట సర్దుకొని ఇంటికి రావాలె" అని బస్సెక్కించేటప్పుడు నువ్వన్న మాట మరిచిపోలేదు. పాసయ్యానని రాద్దామా అని కూడా అనుకున్నాను. చేతకాలేదు.

స్టాటిస్టిక్స్ అంటే సగటులు తీయడం, పట్టికలు నింపడమే అనుకున్నాం కదా మనిద్దరం. ఒట్టి మాట. ఆ పని మొదటి నెలలోనే అయిపోయింది. తర్వాత అంతా ఇంటిగ్రేషనే. సూత్రం వాడితే చాలదట, అది ఎందుకు నిజమో నిరూపించాలట. ఇంటర్‌లో బట్టీ పట్టి గట్టెక్కిన పాఠాలన్నీ ఇక్కడ నా మెడకు చుట్టుకున్నాయి. అదీ ఇంగ్లీషులో.

నా మొహం చూసి చిన్నమ్మ, "గా లెక్కలతోని నీకేంది పోరీ? ఎకనామిక్స్ తీస్కో, అండ్ల లెక్కలుండయట" అంది. నెలాఖరు దాకా సబ్జెక్టు మారవచ్చు. సరే చూద్దామని ఒకరోజు పోయి పై ఏడాది వాళ్ల ఎకనామిక్స్ క్లాసులో వెనక కూర్చున్నాను. బోర్డు నిండా డిఫరెన్షియేషన్! మొదటేడు గ్రాఫు గీతలతో సరిపోతుందట, పైకి పోయేకొద్దీ ఇవన్నీ వస్తాయట. పక్కనున్న అమ్మాయి, తానూ లెక్కలకు భయపడే ఇందులో చేరానని చెప్పి నవ్వింది. మాకంటే లెక్కలు తక్కువే, కాదనను. అసలు లేవనుకొని పోతే మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఇంతకీ నేను తప్పింది ఇంటిగ్రేషన్‌లో కాదన్నా, సగటులో. సిగ్గుగా ఉంది. పన్నెండు పవర్‌లూమ్‌లు ఒక రోజు నేసిన బట్ట మీటర్లలో ఇచ్చారు. పవర్‌లూమ్ అంటే మన సాంచాయే కదా అని సంబరపడ్డాను. మూడింటికి సున్నా ఉంది. సాంచా బంద్ ఉందనుకొని వాటిని వదిలేసి తొమ్మిదితో భాగించాను. మన ఇళ్లల్లో ఎన్ని సాంచాలని అడిగితే నడిచేవే చెప్తాం కదా. సగటు తప్పింది, దాని మీద ఆధారపడ్డ మిగతా లెక్కంతా కొట్టుకుపోయింది.

చిన్నాయన వింటే ఊరుకుంటాడా? "బంద్ ఉన్న సాంచాను ఎవడు లెక్కవెడ్తడు? నువ్వు జేసిందే రైటు బిడ్డా, నేనొచ్చి అడుగుత" అని చెప్పులేసుకున్నాడు. బతిమాలి ఆపాను.

మరునాడు స్టాటిస్టిక్స్ చెప్పే మేడమే పిలిచి ఎందుకలా చేశావని అడిగింది. వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆమె నవ్వలేదు. "నడిచే సాంచాల సగటు సరిగ్గానే తీశావు. కానీ అడిగింది షెడ్డు మొత్తానిది. ఎవరిని వదిలేశామో చెప్పకుండా సగటు చెప్పకూడదు" అంది. మార్కులు మాత్రం కలపలేదు. ఇంటికొచ్చి చిన్నాయనకు చెప్పాను. విని, "నిజమేనే. సాంచా ఆగినోడు గూడ ఆ పొద్దు తినాలె గదా" అన్నాడు.

అన్నా, ఇన్నాళ్లూ ఈ లెక్కలు నన్ను ఏడిపించడానికే ఉన్నాయనుకున్నాను. ఆ రోజు మొదటిసారి వాటి మీద ప్రేమ కలిగింది. నవ్వకు. శనివారాలు క్లాసయ్యాక తన దగ్గర కూర్చోమని మేడమ్ అంది. దసరా తర్వాత పరీక్ష మళ్లీ రాయవచ్చు. నా ఇంటర్ లెక్కల పుస్తకాలు రెండూ మన ఊరి నుంచి ఇక్కడికొచ్చే బస్సు డ్రైవర్‌కిస్తే ధామన్కర్ నాకా చౌరస్తాలో చిన్నాయన దించుకుంటాడు. సంచిలో చోటుంటే కొంచెం మామిడికాయ తొక్కు కూడా.

అమ్మకు, వదినకు నా దండాలు. నేను తప్పిన సంగతి అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. నీ మాట ఎన్నడూ దాటలేదు, ఇప్పుడూ దాటను. రమ్మంటే వచ్చేస్తాను. కానీ రమ్మనకు అన్నా.

నీ చెల్లె
లత