మూడో గుండీ మీది చూపు

శనివారం రాత్రి, శంకర్ నగర్

ఈ హిందీ ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీ తెలుగు విద్యార్థి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తవాళ్లు సీనియర్ల ఎదుట తమ చొక్కా మూడో గుండీనే చూస్తూ నిలబడాలి. తల ఎత్తితే హాస్టల్లో గుంజీలు, దెబ్బలు. ర్యాగింగ్ మీద నేను రాసిన వార్తలన్నీ ఎవరో ఒకరు ఆసుపత్రిలో చేరాక రాసినవే. ఈరోజు ఏమీ జరగకముందే వాళ్ల పరిచయ సభకు వెళ్లాను.

సంఘం కార్యదర్శి లావణ్య పద్ధతిని తిరగేసింది. సీనియర్లు వేదికెక్కాలి, జూనియర్లు ప్రశ్నలడగాలి. కుదరదంటే రాజీనామా చేస్తానంది. అందరూ ఎక్కారు.

కొత్తగా చేరిన అభన్‌పూర్ కుర్రాడు మాధవ్ గుండీనే చూస్తూ లేచాడు.

"సురేశ్ భయ్యా, పోయినేడు ఎన్ని సబ్జెక్టులు పోయినయ్?"

నిరుడు అందరికన్నా ఎక్కువ ఏడిపించినవాడు సురేశ్. నసిగాడు. "దో... రెండురా."

"అయితే నోట్స్ మిమ్మల్ని అడగన్లెండి."

హాలంతా నవ్వింది, సురేశ్ కూడా. అప్పుడు మాధవ్ తల ఎత్తాడు.

ఆ నవ్వు హాస్టల్ దాకా నిలుస్తుందా అని నాకు అనుమానం. సభ అయ్యాక బయట వానలో సురేశ్ "అరే, ఇట్రా" అని కేకేశాడు. నేను ఆగిపోయాను. మాధవ్ వెనక్కి తిరిగి అతని ముఖంలోకే చూశాడు.

"గొడుగు మర్చిపోయినవ్ రా, తీస్కో," అన్నాడు సురేశ్.

అదే రాసి పంపాను. ఎవరికీ ఏమీ కాలేదని రాయడం ఇదే మొదలు.