మొదటి గ్లాసు

అన్నయ్యా,

ప్రియమైన అని మొదలుపెట్టేంత ప్రేమ ఈ పూట నాకు లేదు. ఏమన్నా అనుకుంటే అనుకో.

దేశాలకు అప్పులిచ్చే మీ అభివృద్ధి బ్యాంకును చక్కదిద్దావట. మనలాంటి చిన్న దేశాల్లో ఆఫీసులన్నీ మూయించి, అందరికీ కలిపి సముద్రం అవతల ఒకటి పెట్టించావట. అమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోతోంది. ఊరికి మంచినీళ్లు శుద్ధిచేసే ప్లాంటు చూసుకునే నేను మాత్రం తల పట్టుకు కూర్చున్నాను. ఫిల్టర్లలో ఇసుక పాడైంది. మార్చడానికి మీరిచ్చిన అప్పులో సొమ్ముంది, మీవాళ్ల అనుమతే లేదు. పట్టణాల విభాగాన్ని అడిగితే, మీది చిన్న ఊరు, పల్లెల వాళ్లనడగండి అన్నారు. పల్లెల వాళ్లేమో కుళాయిలున్న ఊరు మా కిందికి రాదన్నారు. మరి నీళ్ల విభాగం ఏదండీ అంటే, ఎత్తేశాం అన్నారు. ఎత్తించింది నువ్వే.

మీ బ్యాంకువాళ్ల ఇక్కడి ఆఫీసులో గ్లాసాయన ఉండేవాడు, గుర్తుందా? ఏ పని పూర్తయినా సొంత గ్లాసు తెచ్చుకుని, కుళాయి కింద పట్టి, అందరికంటే ముందు తనే తాగేవాడు. ఆ తర్వాతే సంతకం. "నా కడుపు బాగుంటే ఊరి కడుపు బాగున్నట్టేనమ్మా" అనేవాడు. ఆయన ఉద్యోగం దండగని తేల్చావు. సరే, ఆ పనేదో నువ్వే చెయ్యి. వచ్చి ఒక్క గ్లాసు తాగిపో.

నీ చెల్లెలు

*

అన్నయ్యా,

వచ్చావు. ప్లాంటంతా తిరిగావు, అన్నిటికీ తలూపావు. "పైవాళ్లతో మాట్లాడతానే, కాస్త ఓపిక పట్టు" అన్నావు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాక నా కూతురు నీ ముందు మంచినీళ్లు పెట్టింది. నువ్వు గ్లాసు మెల్లిగా పక్కకు జరిపి, సంచిలోంచి కొనుక్కొచ్చిన సీసా తీశావు. "మా నీళ్లు తాగవా మామయ్యా?" అని అది అడిగితే నవ్వేసి సీసా మూత తిప్పావు. నాకు ఒళ్లు మండిపోయింది.

నువ్వు వెళ్లాక నోరారా తిట్టుకున్నాను. తిట్లన్నీ అయిపోయాక గాని అసలు సంగతి తట్టలేదు. ఆ గ్లాసులోవి కాచి చల్లార్చిన నీళ్లు. ఇసుక పాడైనప్పటి నుంచి నా ఇంట్లో కాచకుండా ఎవరికీ ఇవ్వడం లేదు. ఊరికి మాత్రం ఆ మాట చెప్పలేదు. మీ అనుమతి ఇవాళో రేపో వస్తుందని నోరు మూసుకున్నాను. కుళాయి నీళ్లే పోసి ఉంటే, నీ చెయ్యి పట్టుకుని నేనే ఆపేదాన్ని.

అందుకే ఈ ఉదయం ఊరికి వెళ్లే నీళ్లు కట్టేశాను. ట్యాంకర్లు తిరుగుతున్నాయి. నా ఉద్యోగం పోయినా పోవచ్చు. ఎందుకు కట్టేశావని అడిగిన ప్రతివాళ్లకీ నా తప్పు చెప్పాను, మీ బ్యాంకు నిర్వాకమూ చెప్పాను.

ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడ్డ అమ్మని పక్కింటావిడ అడిగింది, "ఆ బ్యాంకులో పెద్ద ఉద్యోగం మీ అబ్బాయిదేగా?" అని.

"అది కాదమ్మా, మావాడిది వేరే బ్యాంకు" అంది అమ్మ.

చెల్లెలు