ఎర్రగుడ్డ కర్ర

మే 1944, బుధవారం.

మాచర్ల రోడ్డుకు కంకర పరుస్తున్నాం. సగం రోడ్డే తెరిచి ఉంది. ఇవతల నేను బళ్లు వదిలి, చివరి బండికి ఎర్రగుడ్డ కర్ర ఇస్తాను. ఆ కర్ర చేరాకే అవతల వెంకయ్య బాబాయి ఎదురు బస్సును వదులుతాడు.

ఇవాళ చివరి బండి మోతుబరిది. "నువ్వు ముట్టింది నేను పట్టుకోవాలేందిరా? ముందోడికియ్యి," అన్నాడు. ఇచ్చాను.

వంపులో బస్సు ఆయన ఎద్దును నలిపేసింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆయన ఆ కర్రతోనే బాబాయిని బాదుతున్నాడు. "కర్ర వచ్చినాకే వదిలానయ్యా!" అని బాబాయి అరుస్తున్నాడు. బాబాయి చెయ్యి విరిగింది.

కట్టు కట్టించుకుంటూ బాబాయి నన్ను అడిగాడు. "చివరి బండికే ఇచ్చావు గదరా?"

"ఆఁ."

"అయితే ముందోడు దారిలో లాక్కున్నాడు. వాణ్ణి బతకనీను."

బాబాయి కొడుకులు గొడ్డలి నూరుతున్న చప్పుడు ఇక్కడికి వినపడుతోంది.